ఏడు చోట్ల కారే ఇల్లు

మా చలనచిత్ర స్థల పర్యాటక మండలిలో ఒక మంచి ఆచారం ఉంది. విదేశీ అధ్యయన యాత్రకు వెళ్లకముందే నివేదిక రాసేస్తాం. వెళ్లొచ్చాక రాద్దామంటే ప్రయాణపు బడలిక, తెచ్చిన చాక్లెట్లు ఎవరికెన్ని పంచాలన్న తగువులు, వీటితో సరిపోతుంది. అందుకని అంతా ముందే రాసుకుని, వాతావరణం ఎలా ఉందన్న చోట మాత్రం ఖాళీ వదులుతాం. పోయినేడు ఇంగ్లండు పల్లెసీమల్లో పేరున్న సినిమాలు తీసిన చోట్లు చూసి రావాలని మండలి తీర్మానించినప్పుడు ఆ నివేదిక రాసింది నేనే. నా పేరు గోవర్ధనం. ఇరవయ్యారేళ్లుగా సీనియర్ అసిస్టెంటుని. అంతకంటే సీనియర్ అవడం నా వల్ల కాలేదు. నివేదికలో ‘మేము కళ్లారా చూశాము’ అన్న మాట పద్నాలుగుసార్లు వచ్చింది. అప్పటికి నేను కళ్లారా చూసింది పాస్‌పోర్టు ఆఫీసు ఒక్కటే.

వెళ్లింది ముగ్గురం. డైరెక్టర్ కులశేఖర్ గారు, దృష్టి కోసం. ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ బసవరాజు గారు, కొలతల కోసం. నేను, డైరెక్టరుగారి ఆవకాయ జాడీ మొయ్యడానికీ వాతావరణం నింపడానికీ.

ఆరు రోజుల్లో తొమ్మిది ఊళ్లు తిరిగాం. ఆ పల్లెల్లో మనిషి అలికిడి ఉండదు. రాతి ఇళ్లు, కంచెల వెంట పూలపొదలు, గొర్రెలు. ఆ గొర్రెలు కూడా మా మండలి సభ్యుల్లా తల ఎత్తకుండా మేస్తుంటాయి. ఒక ఊళ్లో హీరో ఉత్తరం కోసం ఎదురుచూసిన వంతెన చూశాం. ఇంకో ఊళ్లో హీరోయిన్ ఆనుకుని నిలబడ్డ కొయ్యగేటు చూశాం. దాన్ని ఆనుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. మా డైరెక్టరుగారు మూడుసార్లు ఆనుకున్నారు, మొదటి రెండు ఫొటోల్లోనూ బసవరాజు గారి బొటనవేలు పడింది కాబట్టి.

ఆఖరి రోజున వినిఫ్రెడ్ అనే ముసలావిడ ఇంటికి తీసుకెళ్లారు. కొండవాలులో పాత ఇల్లు. ఆ ఇంటి కిటికీ దగ్గర కూర్చునే ఒక సినిమాలో హీరోయిన్ వాన చూస్తూ ఏడ్చిందట. వచ్చినవాళ్లు ఆ కిటికీ దగ్గర కూర్చుని, కాసేపు ఏడుపు ముఖం పెట్టి, ఫొటో దిగి వెళుతున్నారు. ముందుగది మధ్యలో ఒక బకెట్టు ఉంది. పైనుంచి అందులోకి చుక్కలు పడుతున్నాయి.

ముసలావిడ ఆ బకెట్టు చూపించి తన గోడు వెళ్లబోసుకుంది. పైకప్పు బాగుచేయించుకుంటానని మూడేళ్ల కిందటే అక్కడి స్థానిక సంఘానికి అర్జీ పెట్టిందట. పాత ఇల్లు, పైగా సినిమాలో పడ్డ ఇల్లు, అందుకని ఒక్క పలక మార్చాలన్నా మూడు కమిటీలు చూడాలట. ఇంకా చూస్తూనే ఉన్నారట. మీ దేశంలో కూడా ఆఫీసులు ఇలాగే ఉంటాయా అని నన్నడిగింది. అబ్బే, మా దగ్గర ప్రజలు అడగడమే ఆలస్యం అన్నాను. పరాయి దేశంలో మన పరువు తియ్యడం ఎందుకు?

డైరెక్టరుగారు మాత్రం బకెట్టు మీంచి చూపు తిప్పలేదు. బయటికొచ్చాక సందులో నిలబడిపోయారు. కళ్లు చెమర్చి ఉన్నాయి.

“చూశావా గోవర్ధనం. ఒక చిన్న నీటిచుక్కని మూడేళ్లుగా ప్రాణప్రదంగా కాపాడుకుంటున్నారు. మనమైతే ఈపాటికి సిమెంటు పూసేసేవాళ్లం. అందుకే వాళ్లు ఇక్కడున్నారు, మనం అక్కడున్నాం” అన్నారు.

ఆ నిమిషాన మనమూ ఇక్కడే ఉన్నామన్న సంగతి ఆయనకు గుర్తు చెయ్యలేదు. కానీ నోరూరుకోక, ఆవిడ అది కారకుండా చెయ్యమనే కదా సార్ అడుగుతోంది అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు.

“ఇల్లు ఆవిడదయ్యా. దృశ్యం జాతిది.”

తిరిగొచ్చిన వారంలోనే ‘యథాదృశ్య పరిరక్షణ’ ఉత్తర్వు తయారు చెయ్యమన్నారు. ఒక ఇల్లు సినిమాలో ఎలా కనబడిందో అలాగే ఉండాలి. రంగు మార్చకూడదు, పగులు పూడ్చకూడదు, కారేది కారుతూనే ఉండాలి. మా ఆఫీసులో కొత్త ఉత్తర్వు ఎవరూ కొత్తగా రాయరు. పాతదొకటి బయటికి తీసి, మాటలు మార్చి, సంతకానికి పెడతాం. నాకు చేతికందింది, గోడల మీద అనుమతి లేని సినిమా పోస్టర్లను నిషేధించిన పాత ఉత్తర్వు. ‘పోస్టరు’ అని ఉన్న ప్రతిచోటా ‘స్రావం’ అని మార్చాను. కారడమంటే మరీ పల్లెటూరి మాటలా ఉందని, స్రావమన్న మాట డైరెక్టరుగారే సెలవిచ్చారు. ఆస్పత్రిలో తప్ప ఆ మాట నేనెప్పుడూ విన్లేదు. తొందరలో ఒకటి రెండు చోట్ల పాత వాసన మిగిలిపోయింది. ‘స్రావాలను జిగురుతో గోడకు అంటించరాదు’ అన్న నియమం అలాగే ఉండిపోయింది. పైనుంచి కిందిదాకా తొమ్మిది మంది సంతకాలు పెట్టారు, ఒక్కరికీ అనుమానం రాలేదు.

మొదటి స్థలంగా నూలుకుదురు ఎంపికైంది. నేతగాళ్ల ఊరు. ముప్ఫయ్యేళ్ల కిందట ఒక సినిమా అక్కడ తీశారు. అందులో పాట మీకూ గుర్తుండే ఉంటుంది. పేదింటి హీరోయిన్, బయట జడివాన, ఇల్లు ఏడు చోట్ల కారుతుంది. ఆ పిల్ల ఏడు చోట్లా ఏడు గిన్నెలు పెడుతుంది. చుక్కలు పడి సరిగమపదని పలుకుతాయి. తడిసిన హీరో గుమ్మంలో నిలబడి దానికి పల్లవి కడతాడు. రాష్ట్రమంతా ఊగిపోయింది. ఆ ఇల్లు జంజనం చౌడేశ్వరమ్మది. ఊళ్లో అందరికీ చౌడమ్మ.

నోటీసు పట్టుకుని నేను వెళ్లేసరికి వాకిట్లో కొత్త బంగళా పెంకులు పేర్చి ఉన్నాయి. చౌడమ్మ గుంట మగ్గంలో కూర్చుని చీర నేస్తోంది. భర్త రామలింగం చూపు సరిగా ఆనక, తడుముకుంటూ కండెలు చుడుతున్నాడు. వచ్చే గురువారం పెంకులు మార్చడానికి పనివాళ్లను మాట్లాడుకున్నారట. నోటీసు చదివి వినిపించాను. ఆమె నేత ఆపి, చేతిలోని నాడె పక్కన పెట్టింది.

“అప్పుడు మా ఇల్లు కారేది కాదు సారూ. వాన పాట తీయాలని ఆ సినిమావాళ్లే ఏడుచోట్ల పెంకులు పీకారు. మళ్లీ వేయిస్తామని మా అత్తకి మాటిచ్చి బండెక్కారు. ఆ నాటి నుంచీ అట్ట, రేకుముక్క, ప్లాస్టిక్ పట్టా, ఏది దొరికితే అది కప్పుకుంటా వస్తన్నాం. వానొస్తే నీళ్లు నేరుగా గుంటలోకి దిగుతై. తేమ తగిలితే పోగు నిలవదు. పోయిన వానాకాలం నాలుగు నెలలు మగ్గం ఆగింది. ఈ ఏడు కూడా చీరలు ఇయ్యకపోతే మా నూలు వేరేవాళ్లకిస్తామని సొసైటీవాళ్లు చెప్పేశారు.”

సంగతి అంత సూటిగా ఉంది. వానలు పడేలోగా కప్పు వెయ్యాలి, లేకపోతే ఆ ఇంట్లో మగ్గం ఉండదు. నేను దీన్ని యథాతథంగా ఫైల్లో రాసి డైరెక్టరుగారికి పెట్టాను. ఆయన చదివి కుర్చీలోంచి లేచారు. చౌడమ్మ కష్టం చూసి కాదు. ఆ ఏడు కన్నాలూ సాక్షాత్తూ సినిమావాళ్లే స్వహస్తాలతో చేశారన్న వాక్యం చూసి. “అంటే ఇవి మూల స్రావాలు! ఇంగ్లండులో కూడా ఇంత స్వచ్ఛమైనవి లేవు” అన్నారు. మర్నాడే అట్టలూ రేకులూ పట్టాలూ ఆక్రమణల కింద తొలగించారు. పెంకుల గుట్ట చుట్టూ ‘దృశ్యంలో లేని వస్తువు, ముట్టరాదు’ అని తాడు కట్టారు.

అక్కణ్నుంచి పని చకచకా సాగింది. బసవరాజు గారు ఆ పాటను నలభై రెండుసార్లు చూసి, ఏడు స్రావాలకూ అక్షాంశ రేఖాంశాలు కట్టారు. సంగీత కళాశాలలో రిటైరైన ఒక విద్వాంసుణ్ని పిలిపించి, కప్పు మీద బిందెలతో నీళ్లు పోయించి శ్రుతి పరీక్ష చేయించారు. ఆయన నేల మీద మఠం వేసుక్కూర్చుని, కళ్లు మూసుకుని విని, సినిమాలో పడింది సాధారణ గాంధారం, ఇప్పుడు పడుతున్నది అంతర గాంధారం అని తేల్చారు. గాంధారాన్ని రెండంగుళాలు తూర్పుకు జరపవలసిందని ఇంజినీరింగు విభాగానికి మెమో వెళ్లింది. ఏ గాంధారమైనా వచ్చి పడేది నా మగ్గం గుంటలోనే కదా సారూ అని చౌడమ్మ నన్నడిగింది. ఆ ప్రశ్న మా విభాగం పరిధిలోకి రాదు.

ఇంకో చిక్కు వచ్చింది. ఏప్రిల్లో ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. ఏప్రిల్లో వానెక్కడిది? పర్యాటకులు గొడుగులేసుకుని హైదరాబాదు నుంచి బస్సుల్లో దిగుతుంటే ఇల్లు కారకపోతే మండలి పరువేం కాను? అగ్నిమాపక శాఖకు లేఖ రాశాం. రోజుకు ఐదుసార్లు, భోజన విరామం మినహా, ఫైరింజను వచ్చి కప్పు మీద నీళ్లు కొట్టేది. లోపల పర్యాటకులు గిన్నెల పక్కన నిలబడి వీడియోలు తీసుకునేవారు. ఒకరోజు పక్కూళ్లో గడ్డివాము అంటుకుని ఫోన్ చేస్తే, ఇంజను దృశ్య విధుల్లో ఉందని జవాబొచ్చింది. ఆ గడ్డివాము ఏ సినిమాలోనూ లేదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మే నెల మూడో వారంలో తనిఖీకి వెళ్లాను. ఎండ మాడిపోతోంది, ఆ ఇంట్లో మాత్రం వానాకాలం. రామలింగం గుంటలోకి దిగి చెంబుతో నీళ్లు తోడి పోస్తున్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఎరుపు అంచు రంగు తెలుపులోకి దిగిపోయింది. పడుగు పోగులు సగానికి సగం తెగి వేలాడుతున్నాయి. చౌడమ్మ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఉత్తర్వులో అక్షరం అక్షరం నేను రాసిందే. నాకు నిజంగా సిగ్గేసింది. ఇరవయ్యారేళ్లలో ఆఫీసు పని మీద సిగ్గుపడటం అదే మొదటిసారి.

“ఆ కాయితం మొత్తం ఒకసారి చదువు సారూ. నోటీసులో ఉన్న ముక్క కాదు, అసలుది” అంది చౌడమ్మ.

చదివాను. ఆమె గడప మీద కూర్చుని వింటోంది. జిగురు నియమం దగ్గర రామలింగం తోడటం ఆపి నా వైపు తల తిప్పాడు. తొమ్మిదో నియమం దగ్గరికొచ్చేసరికి నేనే నెమ్మదిగా చదివాను. పోస్టర్ల ఉత్తర్వులోంచి ఒక్క ముక్క మార్చి దించిన నియమం అది. ‘అనుమతి పొందిన స్రావాలు తప్ప మరే స్రావమైనా కనబడినచో అది అనధికార స్రావముగా పరిగణించి, ఇరవై నాలుగు గంటలలో మండలి తన సిబ్బందితో, తన ఖర్చుతో తొలగించవలెను. ఇంటి యజమానిని బాధ్యులను చేయరాదు.’

చౌడమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

“అయితే ఆ ఏడూ కాక ఎనిమిదోది కారితే మీరే ఆపాలి.”

“అవునమ్మా.”

“సంతకాలు పెట్టారా?”

“తొమ్మిది మంది పెట్టారు.”

ఆమె లేచి లోపలికి వెళ్లింది. నాకు మజ్జిగ తెచ్చిచ్చింది.

జూన్ రెండో తేదీ మధ్యాహ్నం, నేను మళ్లీ తనిఖీకి వెళ్లి అక్కడే ఉండగా, మొదటి వాన పడింది. నెలన్నర పాటు ఫైరింజను గొట్టం దెబ్బలు తిన్న కప్పు అది, పెంకుల్లో సగానికి పగుళ్లు. చౌడమ్మ సుద్దముక్క పట్టుకుని, చుక్క పడిన ప్రతిచోటా నేల మీద సున్నా చుట్టింది. ఏడు అధికార స్రావాలు పోను ముప్ఫయ్యారు తేలాయి. సాయంత్రానికల్లా ఆమె వేలిముద్రతో ఒక అర్జీ మా ఆఫీసుకొచ్చింది. రాసింది నేనే. దస్తూరీ గుర్తుపడతారని ఎడమచేత్తో రాశాను. పర్యాటకులు ఏది అసలు స్రావమో ఏది నకిలీ స్రావమో తెలియక మోసపోతున్నారనీ, జాతి సంపద కల్తీ అవుతోందనీ, తొమ్మిదో నియమం ప్రకారం వెంటనే చర్య తీసుకోవలసిందనీ అందులో ఉంది. ఇల్లు తడుస్తోందన్న ముక్క ఎక్కడా లేదు. ఆ ముక్క ఉంటే ఫైలు కదలదని నాకు తెలుసు.

డైరెక్టరుగారు బసవరాజు గారినీ విద్వాంసుణ్నీ వెంటబెట్టుకుని హుటాహుటిన కారేసుకుని వచ్చారు. గదిలో అడుగుపెట్టి, సుద్ద సున్నాలు చూసి తల పట్టుకున్నారు. విద్వాంసుడు ఒక్క నిమిషం విని, ఇందులో రాగమే లేదు, ఇది అపస్వరాల సంత అని లేచిపోయారు. పది రోజుల్లో శాఖ కార్యదర్శిగారి సందర్శన ఉంది.

“బసవరాజు గారూ, ఈ ముప్ఫయ్యారూ రేపీ పాటికి పోవాలి. మన ఏడుకూ మాత్రం వెంట్రుకవాసి హాని జరగకూడదు” అని ఆజ్ఞాపించారు డైరెక్టరుగారు.

బసవరాజు గారు పాపం ప్రయత్నించారు. పన్నెండోది మూస్తే నలభై నాలుగోది పుట్టింది. దాన్ని మూస్తే నిషాదం ఆగిపోయింది. రాత్రంతా లెక్కలు కట్టి, తెల్లారి సాంకేతిక అభిప్రాయం సమర్పించారు. అనధికార స్రావాలను విడదీసి తొలగించడం ఇంజినీరింగు శాస్త్రంలో సాధ్యం కాదు. ఏకైక మార్గం, కప్పు మొత్తం తీసేసి, చుక్క కారని కొత్త కప్పు వేసి, అందులో ఏడుచోట్ల ఇత్తడి గొట్టాలు దించి, ఒక్కోదానికి ఒక్కో కుళాయి బిగించి, శ్రుతి ప్రకారం వదలడం. డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు. ఫైరింజను బాధ కూడా తప్పుతుందని, ఏడాది పొడుగునా స్రావాలకు లోటు రాకుండా ఊరి బయటి మంచినీళ్ల చెరువు నుంచి మోటారు పెట్టి, ఆ ఇంటి కప్పు దాకా ప్రత్యేకంగా గొట్టం వేయించారు. పెంకులు ఎక్కణ్నుంచి తేవాలా అని చూస్తే వాకిట్లో తాడు కట్టినవి సిద్ధంగా ఉన్నాయి. అవే ఎక్కించారు, వాటిని కొన్న చౌడమ్మ చేత అంగీకారపత్రం కూడా తీసుకున్నారు.

కార్యదర్శిగారు వచ్చారు, ఏడు స్వరాలూ విన్నారు, గుమ్మంలో నిలబడి ఫొటో దిగారు. తర్వాత ఆ కుళాయిలు ఎవరు తిప్పాలన్న ప్రశ్న వచ్చింది. ‘స్రావ నిర్వాహకుడు’ అనే పోస్టు మంజూరు చెయ్యడానికి ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. కాబట్టి ఇంటి యజమానురాలినే గౌరవ సంరక్షకురాలిగా నియమించి, కుళాయిల మీద సర్వాధికారాలూ ఆమెకు దఖలు పరిచాం.

ఆగస్టులో డైరెక్టరుగారూ నేనూ తనిఖీకి వెళ్లాం. ముసురు పట్టి మూడు రోజులైంది. వీధి చివరికే మగ్గం చప్పుడు వినబడింది. లోపల గుంట పొడిగా ఉంది. రామలింగం కండెలు చుడుతున్నాడు. చౌడమ్మ మగ్గం మీద పచ్చ చీర సగానికి వచ్చింది. ఆ చప్పుడు విని నాకు ఎంత హాయనిపించిందో చెప్పలేను. కాసేపు గడప దగ్గరే నిలబడిపోయాను.

కానీ డైరెక్టరుగారి చూపు వేరేచోట ఉంది. గదిలోంచి వీధి మలుపు దాకా పాతికమంది ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వరసలో ఉన్నారు. షడ్జమం కింద ఒక బిందె నిండుతోంది, పంచమం కింద ఇంకోటి. మధ్యమానికి రబ్బరు ట్యూబు తొడిగి పక్కింటి తొట్టిలోకి వదిలారు. వీళ్లంతా ఎవరని ఆయన నన్నడిగారు. వారసత్వం మీద భక్తి ఉన్నవాళ్లు సార్ అన్నాను. ఆయన సంతోషించారు. ప్రజా భాగస్వామ్యమని డైరీలో రాసుకున్నారు.

ఇంతలో చౌడమ్మ మగ్గం దిగొచ్చి, మూడొందల పన్నెండు అర్జీల కట్ట నా చేతిలో పెట్టింది. ఊళ్లో ఎన్ని గడపలో అన్నీ. ఆ సినిమాలో ఫలానా పాటలో, ఫలానా మూల మా ఇల్లు కూడా కనబడుతుంది, అది కూడా కారుతోంది, దయచేసి మా స్రావాన్ని కూడా గుర్తించవలసిందని ప్రతి అర్జీలోనూ ఉంది. డైరెక్టరుగారు ఆ కట్టను ఆనందంగా తిరగేశారు. ఇంత సాంస్కృతిక చైతన్యం ఎలా వచ్చిందమ్మా ఈ ఊళ్లో అని అడిగారు.

“మంచినీళ్ల కుళాయి ఇప్పించండయ్యా అని పదకొండేళ్లు తిరిగాం సారూ” అంది చౌడమ్మ. “ఇల్లు కారేట్టు చెయ్యమని అడగాలని మాకు తెలవలేదు.”